పెంపుడు ఊసరవెల్లికి జబ్బు చేస్తే: వేడి, వెలుతురు, నీళ్లు... ఆ తర్వాతే తిండి

అమెరికా పెట్ షాపుల్లో ఎక్కువగా కనిపించే ఊసరవెల్లి వీల్డ్ కెమీలియన్. యెమెన్ నుంచి, సౌదీ అరేబియా నైరుతి కొండల నుంచి వచ్చిన జాతి. దాని తర్వాతి స్థానం మడగాస్కర్‌కు చెందిన పాంథర్ కెమీలియన్‌ది. పిల్లలు మారాం చేస్తే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్ల ఇళ్లలోకి వచ్చి చేరేవి కూడా ఈ రెండే. అందుకే ఇక్కడ చెప్పే అంకెలన్నీ వీటికి సంబంధించినవి. కెన్యా కొండల జాక్సన్స్ కెమీలియన్‌కు ఇంతకంటే చల్లదనం కావాలి, కాబట్టి ఈ అంకెలు దానికి వాడకండి.

మన ఊళ్ల చిట్టడవుల్లో తిరిగే ఊసరవెల్లి సంగతి వేరు. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దానికి రక్షణ ఉంది. పట్టుకోవడం, ఇంట్లో పెంచడం నేరం. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు కానీ, అవి రెండూ వేర్వేరు జీవులు. దెబ్బ తగిలిన ఊసరవెల్లి దారిలో కనిపిస్తే ఇంటికి తెచ్చి వైద్యం చేయకండి, అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి.

ఇక అసలు విషయం. ఊసరవెల్లి జబ్బును దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనిపించినదాన్ని పక్షో పామో ఎత్తుకుపోతుంది, అందుకని చివరిదాకా బాగానే ఉన్నట్టు కొమ్మ పట్టుకుని కూర్చుంటుంది. మీ కంటికి తేడా కనిపించే సరికే జబ్బు మొదలై వారాలు గడిచి ఉండొచ్చు. ఇంకో మాట, ఇళ్లలో పెరిగే ఊసరవెల్లుల జబ్బుల్లో చాలావాటికి మూలం కేజ్‌లోనే ఉంటుంది. తప్పు బల్బు, చాలని నీళ్లు, క్యాల్షియం పొడి చల్లకుండా వేసిన పురుగులు. ఎంత మంచి మందు ఇప్పించినా మళ్లీ అదే కేజ్‌లోకి పంపితే ఆ మందు ఖర్చు దండగ. కాబట్టి వైద్యం ఊసరవెల్లికీ కేజ్‌కీ కలిపి చేయాలి.

మొదటి మెట్టు: ముట్టుకోకుండా చూడండి

చేతిలోకి తీసుకోవాలని ఆత్రంగా ఉంటుంది, ఆగండి. చేయి తగిలితే రంగు మారుతుంది, ఊపిరి వేగం మారుతుంది, మీకు కావాల్సిన ఆనవాళ్లు చెరిగిపోతాయి. నాలుగడుగుల దూరంలో పావుగంట కూర్చుని గమనించి, ఫోన్‌లో వీడియో తీసుకోండి.

పగటిపూట కళ్లు మూసుకుని ఉంటే అది నిద్ర కాదు, జబ్బు. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి వెలుతురులో నిద్రపోదు. కళ్లు గుంటలు పడితే ఒంట్లో నీళ్లు లేవని అర్థం. రెట్టలో తెల్లగా ఉండాల్సిన ముద్ద పసుపుగా, నారింజగా మారినా అదే కారణం అయి ఉండొచ్చు. బల్బు కింద లేనప్పుడు కూడా నోరు తెరిచి, తల పైకెత్తి ఊపిరి పీలుస్తుంటే, టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. బల్బు కింద ఉన్నప్పుడు మాత్రం వేడి ఎక్కువై నోరు తెరిచిందేమో చూసుకోండి. కాళ్లు వంకర తిరగడం, కొమ్మను గట్టిగా పట్టుకోలేకపోవడం, నాలుక విసిరి పురుగును అందుకోలేకపోవడం ఎముకల జబ్బుకు గుర్తులు.

ఒక్క ముదురు రంగు చూసి కంగారు పడకండి. చలికీ, భయానికీ, పొద్దున్నే ఎండను పీల్చుకోవడానికీ కూడా అది నల్లబడుతుంది. రోజంతా నల్లగానే ఉండి, పైన చెప్పిన వాటిలో ఇంకోటి తోడైతే అప్పుడు లెక్కలోకి తీసుకోండి.

తర్వాత బరువు చూడండి. గ్రాముల్లో చూపే కిచెన్ స్కేల్ మీద చిన్న కర్ర పెట్టి సున్నా చేసి, దాని మీదికి ఎక్కించాలి. ఆ స్కేల్‌ను మళ్లీ వంటింట్లో వాడకండి. ఊసరవెల్లుల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, చిన్నపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త.

రెండో మెట్టు: వెట్‌కు ఫోన్

కుక్కలకూ పిల్లులకూ చూసే వెట్ అందరూ సరీసృపాలకు చూడరు. సరీసృపాల పశువైద్యుల సంఘం ఏఆర్ఏవీ వెబ్‌సైట్‌లో మీ దగ్గర్లోని వాళ్లను వెతుక్కోవచ్చు. నిజానికి ఈ పని ఊసరవెల్లిని కొన్న రోజే చేసి, నంబర్ ఫ్రిజ్ మీద అంటించి ఉండాలి.

కొన్నిటికి అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగకూడదు. కేజ్ అడుగున కళ్లు మూసుకుని పడి ఉండటం, నోట్లోంచి జిగురు కారడం, బయటికొచ్చిన నాలుక లోపలికి పోకపోవడం, కాలు విరిగినట్టు వేలాడటం, ఒళ్లు వణుకుతూ కొట్టుకోవడం, గుడ్లతో ఉన్న ఆడది నీరసించిపోవడం. వీటిలో ఏదైనా సరే ఆ రోజే ఎమర్జెన్సీ. నాలుక బయటే ఉండిపోతే, వెళ్లేదాకా తడి గుడ్డతో దాన్ని తడిగా ఉంచండి.

వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సినవి: కేజ్ మొత్తం కనిపించే ఫొటోలు, బల్బుల అట్టపెట్టెల ఫొటోలు, అవి కొన్న తేదీ, మీరు చల్లే క్యాల్షియం, విటమిన్ డబ్బాలు, ఇప్పటిదాకా రాసిన బరువులు. తాజా రెట్ట దొరికితే తడి పేపర్ టవల్‌లో చుట్టి జిప్‌లాక్ కవర్‌లో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, ఒక రోజు దాటకుండా ఇవ్వండి. కాక్సిడియా లాంటి పరాన్నజీవులు అందులోనే బయటపడతాయి. ఊసరవెల్లిని గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో, పట్టుకోవడానికి ఒక కర్ర కదలకుండా బిగించి తీసుకెళ్లండి. చీకటిగా ఉంటే దానికి టెన్షన్ తగ్గుతుంది.

మూడో మెట్టు: కేజ్‌కు వైద్యం

వెట్ దగ్గరికి వెళ్లేలోపే ఈ పని మొదలుపెట్టొచ్చు, పెట్టాలి కూడా.

వేడి. బాస్కింగ్ బల్బు (ఒళ్లు కాచుకోవడానికి పెట్టే వేడి బల్బు) కింద, ఊసరవెల్లి వీపు ఉండే ఎత్తులో థర్మామీటర్ పెట్టి చూడండి. పెద్ద మగదానికి 85 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 29 సెల్సియస్ చాలు. ఆడదానికీ పిల్లకూ 80 దాటి కొంచెం ఉంటే సరిపోతుంది. కేజ్‌లో మిగతా చోట 72 నుంచి 80 మధ్య ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాత్రి చల్లబడటం మంచిదే. జబ్బుగా ఉన్నప్పుడు మాత్రం, అందులోనూ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ఉంటే, రాత్రి 70 కంటే తగ్గనివ్వకండి. అందుకు వెలుతురు ఇవ్వని సెరామిక్ హీటర్ వాడాలి. ఎర్ర బల్బు వద్దు, ఆ వెలుతురు నిద్రను చెడగొడుతుంది. జబ్బుపడింది కదా అని వేడి పెంచేయకండి. నీరసంగా ఉన్నది బల్బు కింద నుంచి జరగలేక వీపు కాల్చుకుంటుంది. తలమీద కిరీటంలా ఉండే భాగానికీ, వెన్ను గట్టుకూ ఈ కాలిన గాయాలు ఎక్కువ.

వెలుతురు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఊసరవెల్లి చర్మం మీద యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత) కిరణాలు పడితేనే విటమిన్ డీ3 తయారవుతుంది. డీ3 లేకపోతే తిన్న క్యాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి సరిగా చేరదు. మెలికలు తిరిగిన చిన్న కాంపాక్ట్ బల్బు దీనికి చాలదు. పొడవాటి టీ5 హెచ్‌ఓ ట్యూబ్, 5.0 లేదా 6 శాతం అని రాసి ఉన్నది కావాలి. అది ఊసరవెల్లి కూర్చునే కొమ్మకు ఎనిమిది, తొమ్మిది అంగుళాల పైన ఉండాలి. ట్యూబ్ వెలుగుతున్నంత మాత్రాన యూవీబీ వస్తున్నట్టు కాదు. మన కంటికి కనిపించే వెలుతురు అలాగే ఉండగా యూవీబీ మెల్లగా తగ్గిపోతుంది, కాబట్టి తయారుచేసినవాళ్లు చెప్పిన ప్రకారం ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. బయట వెచ్చగా ఉన్న రోజు జాలీ కేజ్‌లో, సగం నీడ ఉండేలా, పావుగంటో అరగంటో ఎండ చూపిస్తే అంతకు మించిన ట్యూబ్ లేదు. గాజు ట్యాంక్‌ను మాత్రం ఎండలో పెట్టకండి, నిమిషాల్లో లోపల ఉడికిపోతుంది. పగలు 12 గంటల వెలుతురు, రాత్రి 12 గంటల కటిక చీకటి.

ఇక కేజ్ అమరిక. పెద్ద ఊసరవెల్లికి మామూలుగా రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కేజ్ కావాలి. జబ్బుగా ఉన్నప్పుడు ఆ ఎత్తే ప్రమాదం. పట్టు లేక పైనుంచి పడితే, ముందే మెత్తబడిన ఎముకలు విరుగుతాయి. అందుకని పొట్టిగా ఉన్న వేరే కేజ్‌ను ఆస్పత్రి గదిగా మార్చండి. అడుగున మడత పెట్టిన తువ్వాలు, దాని మీద పేపర్ టవల్. కింద నుంచి కొన్ని అంగుళాల ఎత్తులోనే అడ్డంగా, దగ్గరదగ్గరగా కొమ్మలు. మూడు వైపులా గుడ్డ కప్పండి. మనీప్లాంట్, మందార కొమ్మలు పెడితే దాక్కోవడానికి చాటు ఉంటుంది. వీల్డ్ కెమీలియన్ ఆకులు కొరుకుతుంది కనుక మొక్కలను బాగా కడగండి. ఇంకో ఊసరవెల్లి గానీ అద్దం గానీ దాని కంటపడకూడదు. కుక్కా పిల్లీ ఆ గదిలోకి రాకూడదు.

నాలుగో మెట్టు: నీళ్లు

ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీద కదిలే చుక్కలను నాకుతుంది. రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చని నీటిని సన్నని తుంపరగా, ఒక్కోసారి ఐదు నిమిషాల పైన కొట్టండి. మొదటి రెండు నిమిషాలు అది ఊరికే చూస్తూ ఉంటుంది. మనం విసుగొచ్చి ఆపేసే వేళకు తాగడం మొదలుపెడుతుంది! ఈలోగా ఇంకో పక్క డ్రిప్పర్ నుంచి ఆకుల మీదికి చుక్కచుక్కగా పడుతూ ఉండాలి. తుంపరకూ తుంపరకూ మధ్య ఆకులు ఆరనివ్వండి. ఎప్పుడూ తడిగా, గాలి ఆడకుండా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు కొత్తగా వస్తుంది.

అలా తాగకపోతే, సూది తీసేసిన 1 మి.లీ. సిరంజితో పెదవి అంచున ఒక్కో చుక్క వదలండి. నాలుకతో లాక్కుని మింగాక ఇంకో చుక్క. నోట్లోకి పిచికారీ చేయకూడదు. నాలుక మొదట్లో, నోరు తెరవగానే కనిపించే చిన్న రంధ్రం ఊపిరి గొట్టానిది. నీళ్లు అందులోకి పోతే న్యుమోనియా ఖాయం. 100 గ్రాముల ఊసరవెల్లికి రోజంతా కలిపి ఒకటి రెండు మిల్లీలీటర్లు చాలు, గ్లాసులు పట్టించాల్సిన పని లేదు. కళ్లు బాగా లోతుకు పోయి ఉంటే ఇంట్లో చుక్కలతో సరిపోదు. వెట్ చర్మం కింద ఫ్లూయిడ్స్ ఎక్కిస్తారు.

టబ్‌లో నానబెట్టమని కొందరు సలహా ఇస్తారు, నేను ఒప్పుకోను. చెట్టు మీద బతికే జీవికి నీళ్లలో మునగడం భయం తప్ప ఇంకేమీ ఇవ్వదు. కాస్త ఓపిక ఉన్నదైతే బాత్‌రూమ్‌లో మొక్క కుండీ మీద ఎక్కించి, షవర్‌ను గోడకు కొట్టి ఆ తుంపర దాని మీద పడేలా అరగంట ఉంచొచ్చు, మీరు పక్కనే ఉండాలి.

ఐదో మెట్టు: మందు

మనుషుల మందుల పెట్టె మూసేయండి. మన కంటి చుక్కలు, మిగిలిపోయిన యాంటీబయాటిక్, కుక్కకు ఇచ్చిన పురుగుల మందు, ఏదీ వద్దు. 100 గ్రాముల ఒంటికి మోతాదు లెక్కలో దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే ప్రాణం పోతుంది.

ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కు, నోటి పుండ్లకు వెట్‌లు తరచుగా రాసే మందు సెఫ్టాజిడిమ్ ఇంజెక్షన్, మామూలుగా 72 గంటలకోసారి. ముందే నింపిన సిరంజిలు ఇచ్చి ఫ్రీజర్‌లో పెట్టమంటారు. ఇచ్చే ముందు గుప్పిట్లో పట్టుకుని కరిగించాలి, మైక్రోవేవ్‌లో కాదు. సూది ముందు కాలి కండలో వేయమంటారు. సరీసృపాల్లో శరీరం వెనక భాగంలోని రక్తం గుండెకు చేరకముందే మూత్రపిండాల వైపు వెళ్లే దారి ఉంది, అందుకే ఈ జాగ్రత్త. సూది వేసిన చోట చర్మం నల్లబడొచ్చు. మూడో డోసుకే హుషారొచ్చిందని ఆపేయకండి, చెప్పినన్ని పూర్తి చేయాలి.

ఆరో మెట్టు: తిండి

ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు రెండు ముద్దలు తినిపించాలని చూస్తాం. ఇక్కడ ఆ అలవాటు చేటు చేస్తుంది. లంఖణం పరమౌషధం అన్న మాట ఊసరవెల్లికి మొదటి ఒకటి రెండు రోజులు అక్షరాలా వర్తిస్తుంది. దాని ఒంటికి సొంత వేడి లేదు. ఒళ్లు చల్లగా, నీళ్లు లేకుండా ఉన్నప్పుడు పొట్టలో వేసినది అరగదు, కుళ్లుతుంది. వేడి సరిపడి, కళ్లు నిండుగా కనిపించాకే తిండి.

మొదట మెత్తగా, నీరు ఎక్కువగా ఉండేవి: పట్టుపురుగులు, చిన్న హార్న్‌వర్మ్‌లు. ఒకటో రెండో కప్పులో వేసి, దాని మూతికి అందేంత దగ్గర పెట్టండి. నాలుక సరిగా పనిచేయకపోయినా నోటితో అందుకోగలదు. క్రికెట్ పురుగులను (కీచురాళ్లను) కేజ్‌లో వదిలేయకండి. రాత్రిపూట అవి నీరసంగా ఉన్న ఊసరవెల్లినే కొరుకుతాయి.

అసలు తినకపోతే వెట్ ఇచ్చే మాంసాహార పొడిని పల్చగా కలిపి సిరంజితో పట్టాలి. వారాల తరబడి తిననిదానికి ఒక్కసారిగా కడుపు నింపితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి చనిపోవచ్చు. కాబట్టి మొదటి రోజులు వెట్ చెప్పిన మోతాదులో కొంత భాగమే. నోరు తెరిపించడానికి బలవంతం వద్దు. కోపంతో బుస్సుమని నోరు తెరిచినప్పుడే సిరంజి కొసను పక్క నుంచి పెట్టండి. ఎముకల జబ్బున్న ఊసరవెల్లి దవడను వేళ్లతో లాగితే విరుగుతుంది, ఆ పని వెట్‌కే వదిలేయండి.

ఏ జబ్బుకు ఏం ఆశించొచ్చు

ఎముకల జబ్బు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇదే ఎక్కువ. రక్తంలో క్యాల్షియం తగ్గగానే పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి దాన్ని తోడి రక్తంలో వేస్తుంది. నెలల తరబడి ఇలా జరిగితే ఎముక రబ్బరులా మారుతుంది. దవడ మెత్తబడుతుంది, మోచేతులు వంగుతాయి, కండలు వణుకుతాయి. వెట్ ఎక్స్‌రే తీసి, క్యాల్షియం ద్రవం రాస్తారు. కొత్త యూవీబీ ట్యూబ్, సరైన వేడి ఉంటే వారాల్లో పట్టు తిరిగి రావడం కనిపిస్తుంది, ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది. అప్పటికే వంగిపోయిన కాలు మాత్రం తిన్నగా కాదు. ఆ కాలుతోనే అది ఏళ్ల తరబడి హాయిగా బతకగలదు. కొమ్మలు దగ్గరగా పెట్టడం ఒక్కటీ మీ పని.

ఇలాంటప్పుడు పొడులు రెట్టింపు చేయాలనిపిస్తుంది. డీ3 లేని క్యాల్షియం ప్రతి పూటా పురుగుల మీద పల్చగా చల్లొచ్చు. డీ3, విటమిన్ ఏ ఉన్నవి మాత్రం మామూలుగా నెలకు రెండుసార్లే, జబ్బుగా ఉన్నప్పుడు వెట్ చెప్పినట్టు. ఎక్కువైతే ఒంట్లో పేరుకుపోతాయి. మెడ చుట్టూ నీటి సంచిలా ఉబ్బితే విటమిన్లు ఆపి వెట్‌కు చూపించండి. మూత్రపిండాల జబ్బులో కూడా అలా ఉబ్బొచ్చు.

కన్ను ఉబ్బితే సన్నని తుంపరను ఎక్కువసేపు ఇవ్వండి. అది కంటిని బయటికి ఉబ్బించి, గుండ్రంగా తిప్పి తనే కడుక్కుంటుంది. రెండు రోజుల్లో తగ్గకపోతే లోపల చెత్త ఇరుక్కుందో, ఇన్ఫెక్షనో, విటమిన్ ఏ లోపమో వెట్ తేల్చాలి.

ఆడ వీల్డ్ కెమీలియన్ మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది, ఒక్కో ఈతలో డజన్ల కొద్దీ. తిండి మానేసి, కేజ్ అంతా తిరుగుతూ, అడుగున గోకుతుంటే అది జబ్బు కాకపోవచ్చు, చోటు వెతుక్కుంటోంది. అడుగు లోతున, సొరంగం తవ్వితే కూలనంత తడిగా ఇసుక, మట్టి కలిపిన తొట్టి పెట్టి, కేజ్ చుట్టూ గుడ్డ కప్పి తప్పుకోండి. తొంగి చూస్తే తవ్వడం ఆపేస్తుంది. తవ్వకుండానే కళ్లు మూసుకుని డీలా పడితే గుడ్లు ఇరుక్కున్నట్టే, వెంటనే వెట్. తర్వాతి ఈతలో గుడ్లు తగ్గాలంటే తిండీ, బాస్కింగ్ వేడీ కొంచెం తగ్గించి ఉంచడం పనిచేస్తుంది.

కోలుకుంటోందని ఎలా తెలుస్తుంది

రోజూ పొద్దున అదే వేళకు, తిండికి ముందు బరువు చూసి రాయండి. జబ్బు బాగా ముదిరి ఉంటే రోజు విడిచి రోజు చాలు, ఎత్తడం కూడా దానికి శ్రమే. ముందున్న బరువులో పదో వంతు తగ్గితే మళ్లీ వెట్‌కు ఫోన్ చేయండి. బరువు కంటే ముందే కళ్లు చెబుతాయి. ఒక కన్ను మిమ్మల్ని, ఇంకో కన్ను పురుగును చూస్తూ విడివిడిగా తిరగడం మొదలైతే మంచి కబురు. తెల్లటి ముద్దతో రెట్ట రావడం, రాత్రి నిద్రలో లేత రంగుకు మారడం, మీరు దగ్గరికొస్తే బుస కొట్టడం కూడా మంచివే. అన్నాళ్లూ చేతికి మెత్తగా లొంగి ఇప్పుడు కోపం చూపిస్తోందంటే ఒంట్లోకి బలం వచ్చినట్టు.

మందుల కోర్సు అయిపోయి, తనంతట తాను తింటూ, రెండు మూడు వారాలు బరువు నిలకడగా ఉంటే పెద్ద కేజ్‌కు మార్చొచ్చు. ఒకేసారి నాలుగడుగుల ఎత్తు వద్దు. కొమ్మలను వారం వారం పైకి జరుపుతూ వెళ్లండి. పరాన్నజీవులకు మందు వాడి ఉంటే, వెట్ చెప్పిన రోజుకు రెట్ట మళ్లీ పరీక్షకు పంపండి, ఈలోగా రెట్ట పడ్డ వెంటనే తీసేస్తూ కొమ్మలు, తొట్టి వేడి నీళ్లతో కడగండి. లేకపోతే అవే పరాన్నజీవులు మళ్లీ లోపలికి పోతాయి. కొత్త యూవీబీ ట్యూబ్ బిగించిన తేదీని మాస్కింగ్ టేప్ ముక్క మీద రాసి హోల్డర్‌కు అంటించండి, మార్చాల్సిన నెల కూడా పక్కనే రాయండి.